నవాబు మేసిన అడవి

ఆ రోజుల్లో ఈ భూగోళం మొత్తం నా పూచీ మీదే తిరుగుతోందని నాకు గట్టి నమ్మకం. నేను డిగ్రీ పూర్తిచేసేలోపు దాన్ని బాగుచేసి పెట్టకపోతే ఆ తర్వాత ఇంకెవరికీ తీరిక ఉండదేమోనని దిగులు కూడా ఉండేది. ప్రొద్దుటూరులో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతుండేదాన్ని. అమ్మానాన్నలు జమ్మలమడుగులో ఉండేవాళ్ళు, నేను చదువు కోసం ప్రొద్దుటూరులో జేజి దగ్గర ఉండేదాన్ని. జేజి అంటే మా నాన్నను కన్నతల్లి. రాజుపాలెం బడిలో చాలాకాలం పంతులమ్మగా చేసి రిటైరైంది గానీ, ఆ గొంతు మాత్రం రిటైరు కాలేదు. ఆదివారం చర్చికీ, మిగతా వారమంతా వీధి వ్యవహారాలకీ కేటాయించుకున్న మనిషి. నేనేమో భుజాన గుడ్డసంచి తగిలించుకుని, స్టీలు సీసాలో నీళ్ళు పోసుకుని, ప్లాస్టిక్ కవర్లో కూరగాయలు తెచ్చుకునే వాళ్ళనల్లా నడివీధిలో నిలబెట్టి పాఠం చెప్పేదాన్ని. నేను ఎదురొస్తున్నానంటే చాలు, మా వీధి ఆడవాళ్ళు కవర్లు కొంగు కింద దాచుకునేవాళ్ళు. (అది నా మీద గౌరవం అనుకునేదాన్ని. ఎంత హాయైన వయసో చూడండి.)

అలాంటి నాకు కాలేజీలో జరిగిన ఒక సెమినార్‌లో ‘పట్టణాల్లో ఆహార అడవులు’ అనే మాట చెవినపడింది. ఊరి మధ్య ఖాళీగా ఉన్న జాగాల్లో పైన పెద్ద చెట్లు, వాటి నీడన చిన్న చెట్లు, నేల మీద ఆకుకూరలు, పక్కన తీగలు, అన్నీ తినడానికి పనికొచ్చేవే పెంచాలట. కాసినవి ఎవరైనా కోసుకోవచ్చట, కాపలా ఉండదట. వచ్చిన పెద్దాయన ఇంకా చాలా చెప్పాడు గానీ నాకు అంతవరకే వినబడింది. మిగతా సమయమంతా ఎక్కడ నాటాలా అని మనసులోనే గుంతలు తవ్వుకుంటూ కూర్చున్నాను. ఇంటికొచ్చి జేజికి చెప్తే ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండానే, “ఊర్లో అడవి పెడ్తావా? మరి మేమంతా యాడికి పోవాల పాపా?” అంది.

మా వీధి చివర మున్సిపాలిటీ వాళ్ళ జాగా ఒకటుండేది. నిండా కంపచెట్లు, వాటి కింద ఊరి చెత్త. దానికోసం మా వార్డు కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన్ను వీధంతా మామా అనే పిలిచేది. (ఓట్లు దగ్గరికొచ్చినప్పుడు మరీ దగ్గరి మామ అయ్యేవాడు.) నేను రాసుకెళ్ళిన ఉపన్యాసం సగంలో ఉండగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు. “నాటుకో పాపా, నేనేం వద్దనను. అయితే ఆ జాగాలో బండ్లు నిలబెట్టుకునే షెడ్డు కట్టాలని ఆఫీసులో అనుకుంటాండారు. వచ్చే ఎండాకాలం ఆఖర్లో కమీషనర్ సారు చూసేదానికి వస్తాడు. అప్పటికి పచ్చగా కనపడిందనుకో, నీ అడవి ఉంటాది. లేకుంటే షెడ్డు వస్తాది. మధ్యలో నన్ను మాత్రం లాగొద్దు” అన్నాడు. ప్రొద్దుటూరు ఎండల్లో, ఎండాకాలం ఆఖర్లో, పచ్చగా కనపడాలన్నమాట. ఆ షరతులో ఉన్న తిరకాసు నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఈ కథే లేదు.

తొలి వానలు పడగానే నా క్లాసువాళ్ళను పోగేసి కంప కొట్టించాను. మునగ, అవిశ, బొప్పాయి, జామ, సీతాఫలం, ఉసిరి, వాటి మధ్య గోంగూర, బచ్చలి నాటాం. ప్రారంభోత్సవానికి చర్చి నుంచి జేజి మైకు ఇప్పించింది. వీధి మొత్తం వచ్చింది, ఎందుకంటే బొరుగులు పంచుతామని ముందే చెప్పాం. నేను మైకు పట్టుకుని, గొంతు సవరించుకుని, “ఈ అడవికి యజమాని లేడు. దీని ముందు మనమందరం సమానమే. ఆకలైన ఏ ప్రాణి అయినా సరే, ఎప్పుడైనా సరే, ఇక్కడికి వచ్చి కడుపునిండా తినవచ్చు” అన్నాను. ‘ఏ మనిషి అయినా’ అని రాసుకున్న చోట అప్పటికప్పుడు ‘ఏ ప్రాణి అయినా’ అని మార్చాను, గంభీరంగా ఉంటుందని. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది మా పక్కింటి ఖాలా.

ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మ. ఆమె గురించి ఇక్కడే చెప్పాలి. భర్త పోయి చాలాకాలమైంది. ఒక్కడే కొడుకు, కువైట్‌లో డ్రైవరు. వెళ్ళినప్పటి నుంచి ఇంటికి రావడం కుదరలేదు. పండగ పండగకీ వస్తానంటాడు, పండగ పండగకీ అక్కడి యజమాని సెలవు ఇవ్వడు. ఆ సంవత్సరం మాత్రం బక్రీదుకు సెలవు ఖాయమైందని ఫోన్ వచ్చింది. ఖాలా అదే వారం సంతకు పోయి ఒక పొట్టేలు పిల్లను తెచ్చుకుంది. కొడుకు తన చేత్తో కుర్బానీగా, అంటే బలిగా, ఇవ్వాల్సిన పొట్టేలు అది. దానికి నవాబు అని పేరు పెట్టింది. నవాబు పేరుకు తగ్గట్టే పెరిగాడు. పొద్దున టీలో ముంచిన బన్ను పెడితేగానీ లేచేవాడు కాదు. ఖాలా రోజూ వాడి బొచ్చు దువ్వి, కొమ్ములకు నూనె రాసి, వీధిలోకి తెచ్చి కట్టేసేది. వచ్చేపోయే వాళ్ళను వాడు తలెత్తి ఒకసారి చూసి వదిలేసేవాడు. నన్ను మాత్రం గుర్తుపట్టి గుడ్డసంచి కొరికేవాడు. (పర్యావరణం పట్ల వాడికున్న ఆసక్తి మొదటినుంచీ అదే.)

నా అడవి కూడా పెరిగింది. మీకు నమ్మకం కలగకపోవచ్చు గానీ చలికాలం వెళ్ళేసరికి మునగ, అవిశ నా తల దాటిపోయాయి. కుళాయి వచ్చిన పూట బిందెలు మోసి మోసి నా భుజాలు కూడా పెరిగాయి. మేకలు దూరకుండా చుట్టూ కంప నరికి వేసి కంచె కట్టాను. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. అడవి అందరిదీ అన్నానే గానీ ఎవరినీ ఒక్క ఆకు కోయనిచ్చేదాన్ని కాదు. ఒకరోజు జేజి పప్పులోకి పిడికెడు మునగాకు తెమ్మంది. “ఇప్పుడు కాదు జేజీ, కమీషనర్ వచ్చేదాకా నిండుగా కనపడాల” అన్నాను. జేజి చాట కింద పెట్టి నా వైపు చూసింది. “అందరిదీ అని మైకులో చెప్తివే. అందర్లో నేను లేనా? ఇది మీ కమీషనర్ అడవా?” అంది. పెద్ద పనుల ముందు ఇలాంటి చిన్న కోరికలు అడ్డం వస్తూనే ఉంటాయని మనసులో అనుకుని, చాలా ఓపికగా నవ్వాను. జేజి ఆ పూట ఉత్త పప్పు వండి, నా కంచంలో వడ్డించేటప్పుడు గరిటెను కాస్త గట్టిగానే మోగించింది.

ఎండలు ముదిరాయి. ఆ ఎండలకు నవాబు మేత మానేశాడు. ఎండిన చెనిక్కాయ కట్టె, అదే వేరుశనగ మేత, వేస్తే మూతి తిప్పుకునేవాడు, తవుడు పెడితే బకెట్ తన్నేసేవాడు, ఆఖరికి బన్ను కూడా ముట్టలేదు. డొక్కలు కనపడసాగాయి. ఖాలా మా అరుగు మీద కూర్చుని జేజితో చెప్పుకుని ఏడ్చేది. “పశువుల డాక్టరు పచ్చాకు పెట్టమంటాండాడు. ఈ ఎండల్లో పచ్చాకు యాడ తెచ్చేదక్కా. నా కొడుకు ఇన్నేండ్లకు వస్తాండాడు, వచ్చేనాటికి ఇది ఎముకలగూడు అయితే నేనేం మొకం పెట్టుకుని చూపియ్యాల.” నేను అక్కడే కూర్చుని ఎంతో సానుభూతితో, ఈ ఎండలు ఎందుకు ఇలా పెరుగుతున్నాయో ఖాలాకు మొదటినుంచీ వివరించాను. ఖాలా కండ్లు తుడుచుకుని విన్నది. జేజి మాత్రం నన్నూ, వీధి చివర తలలు ఊపుతున్న నా అవిశ చెట్లనూ మార్చి మార్చి చూసింది. ఆ చూపు నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నా అడవిలో ఆకులు మాయం కాసాగాయి. మొదట కింది కొమ్మలవి, తర్వాత ఇంకాస్త పైవి. నేను ఒక కొమ్మను తుంపి మా బాటనీ సారుకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, మిడతల పనే అయి ఉంటుందన్నాడు. కంచె చుట్టూ ఒక్క మిడతైనా కనపడకపోవడం నాకు అనుమానం కలిగించలేదు, అవి చాలా తెలివైన మిడతలై ఉంటాయనుకున్నాను. వేపగింజలు దంచి, నానబెట్టి, కషాయం తీసి చెట్లన్నిటికీ కొట్టాను. ఆ సాయంత్రం జేజి నా పక్కన కూర్చుని, మామూలుగా అడిగినట్టే, “పాపా, ఆ వేపరసం చేదు ఎన్నాళ్ళుంటాది ఆకు మీద?” అంది. జీవితంలో మొదటిసారి జేజికి సైన్సు మీద ఆసక్తి కలిగిందని నా గుండె పొంగిపోయింది. ఎన్నాళ్ళు ఉంటుందో, నీళ్ళతో కడిగితే ఎంత తగ్గుతుందో అంతా విడమరిచి చెప్పాను. “కడిగితే పోతాదా” అని జేజి తృప్తిగా లేచిపోయింది.

ఒకరోజు కాలేజీలో కరెంటు పోయి మమ్మల్ని మధ్యాహ్నమే వదిలేశారు. ఆ ఎండలో ప్రొద్దుటూరు మొత్తం తలుపులు మూసుకుని పడుకుంటుంది, మా వీధిలో కుక్కలు కూడా మేల్కొని లేవు. ఇంటికి తాళం ఉంది. జేజి ఎక్కడికి పోయిందా అని వీధి చివరికి నడిచాను. నా కంచెలో ఒకచోట కంప తీసి పక్కన పెట్టి ఉంది. లోపల కడపబండ మీద మా జేజి కూర్చుని గొడుగు పట్టింది. ఆ గొడుగు ఆమె నెత్తిన లేదు, నవాబు నెత్తిన ఉంది. ఖాలా ఒక చేత్తో అవిశకొమ్మ వంచి పట్టుకుని, ఇంకో చేత్తో ఆకును బకెట్ నీళ్ళలో ముంచి కడిగి పెడుతోంది. నవాబు కండ్లు సగం మూసుకుని నములుతున్నాడు. వాడి డొక్కలు పూడిపోయి, వీపు నిగనిగలాడుతోంది. నా చెట్లకు మాత్రం చివర్లలో నాలుగు ఆకులు తప్ప ఏమీ లేవు.

నన్ను చూసి జేజి ఏమాత్రం తడబడకుండా, “ఈ ఎండలో యాడ తిరుగుతాండావు, ఇట్ల గొడుగు కిందికి రా” అంది. నేను కంచె వైపు వేలు చూపించాను. “నేనే తీసినా. నీ కంపలో దూరి చెవి గీసుకున్నా, కొమ్ము విరిగినా కుర్బానీకి పనికిరాదంట. దానికి ఏమన్నా అయితే ఖాలా కొడుక్కి నువ్వు చెప్పుకుంటావా?” అని నన్నే అడిగింది. ఖాలా మాత్రం కొమ్మ వదిలేసి, తప్పు చేసిన చిన్నపిల్లలా నిలబడింది. నెమ్మదిగా అంది. “ఆకలైన ఏ ప్రాణైనా వచ్చి తినచ్చు అని మైకులో నువ్వే చెప్తివి కదా బేటీ. నేను ఆ దినమే అనుకున్నా, ఈ పాప శానా పెద్ద మాట చెప్పింది అని.” నేను “సోమవారం కమీషనర్ వస్తాడు ఖాలా” అని మాత్రం అని, అక్కడే కూలబడి ఏడ్చేశాను. నవాబు వచ్చి నా గుడ్డసంచి వాసన చూసి, దాని పిడి పట్టుకుని కొరకసాగాడు.

అప్పుడు ఖాలా ముఖం చూడాలి మీరు. సోమవారమని ఆమెకు తెలియదు, జేజికీ తెలియదు. (నేను అందరికీ ప్రపంచం సంగతి చెప్పానే గానీ నా సంగతి ఎవరికీ చెప్పలేదు.) ఖాలా నా తల నిమిరి, “లే బేటీ. నవాబు తిన్నది నేను పెడ్తా” అని లేచిపోయింది. ఆమె ఇల్లిల్లూ తిరిగి ఏం చెప్పిందో తెలియదు గానీ, సోమవారం తెల్లవారేసరికి వీధి వీధంతా చంకన కుండీలతో బయలుదేరింది. పెయింటు డబ్బాల్లో కరివేపాకు, పగిలిన ప్లాస్టిక్ బక్కెట్లలో పుదీనా, నూనె క్యాన్లలో గోరింటాకు, సిమెంటు తొట్టిలో తులసమ్మ, జేజి పంపించిన క్రోటన్లు, అన్నీ నా బోడి మునగల మధ్య వరసగా కూర్చున్నాయి. మా వీధి చివరింటావిడకు పెంచుకునే మొక్క ఏదీ లేక, చిన్నబుచ్చుకోవడం ఇష్టంలేక, హాల్లోని ప్లాస్టిక్ గులాబీ చెట్టు తెచ్చింది. నేను దాన్ని వెనక పెట్టాను, ఆమె నేను చూడనప్పుడు ముందుకు తెచ్చింది. ప్లాస్టిక్ మీద యుద్ధం ప్రకటించిన నా అడవి ఆ రోజు మొత్తం ప్లాస్టిక్ డబ్బాల మీదే నిలబడింది.

కమీషనర్ సారు పొద్దున రావాల్సినవాడు మధ్యాహ్నానికి వచ్చాడు. కోస్తా వైపు మనిషి, మాటకు ముందొక అండీ, వెనకొక అండీ పెట్టి మాట్లాడేవాడు. కౌన్సిలర్ మామ బంతిపూల దండ పట్టుకుని వెంట నడిచాడు. సారు అన్నీ చూస్తూ వచ్చి, గులాబీ చెట్టు దగ్గర ఆగి, వంగి, వాసన చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, “క్రోటన్లు కూడా తినేవేనా అండీ?” అని అడిగాడు. నేను నెలల తరబడి కంఠతా పట్టిన ఉపన్యాసంలో క్రోటన్ల ప్రస్తావన లేదు. సరిగ్గా ఆ సమయానికి, ఇంట్లో కట్టేసి వచ్చామనుకున్న నవాబు, రోజూ మధ్యాహ్నం భోజనవేళకు అలవాటైన దారినే, తెగిన తాడు ఈడ్చుకుంటూ కంచె సందులోంచి లోపలికి నడిచొచ్చాడు. చుట్టూ చూశాడు. తనకు తెలిసిన ఆకు ఎక్కడా లేదు. తిన్నగా కౌన్సిలర్ మామ దగ్గరికి పోయి, దండను ఒక చివర నుంచి తినడం మొదలుపెట్టాడు. మామ దండను లాగాడు, నవాబు లాగాడు. నవాబే గెలిచాడు.

“ఈ పొట్టేలు ఎవరిదండీ?” అన్నాడు సారు. మా అందరి చూపులూ నేలమీదే. అప్పుడు ఖాలా దుపట్టా సర్దుకుని ఒక అడుగు ముందుకు వేసింది. “ఎవురిదీ కాదు సారూ, ఈడిదే. అడవి అన్నాక ఒక జంతువైనా ఉండొద్దా?” అంది. ఆ తర్వాత సారు భుజాలు ఊగసాగాయి. జేబురుమాలు తీసి కండ్లు తుడుచుకుని, కొరికేసిన నా మునగ కొమ్మల వైపు, కుండీల వైపు, చెమటలు కారుతూ నిలబడ్డ మా వీధి ఆడవాళ్ళ వైపు చూశాడు. “ఇంతమంది ఇళ్ళల్లోంచి కుండీలు మోసుకొచ్చారంటే, షెడ్డు కడితే నన్ను ఈ వీధిలో నడవనివ్వరని అర్థమైందండీ. వానలు పడనివ్వండి, చూద్దాం” అన్నాడు. వెళ్తూ వెళ్తూ నాతో, “గులాబీ బాగుందమ్మా, నీళ్ళు మాత్రం పొయ్యకండి” అన్నాడు.

వానలు పడ్డాయి. నవాబు ఎక్కడెక్కడ తుంచాడో అక్కడల్లా మునగ గుబురుగా కొమ్మలు వేసింది. తలలు తుంచితేనే మునగ విస్తరిస్తుందని నేను చదువుకుని కూడా, చేతులాడక వదిలేసిన పని వాడు చేసిపెట్టాడు. బక్రీదుకు ఖాలా కొడుకు వచ్చాడు. ఆ పొద్దున ఖాలా నవాబుకు స్నానం చేయించి, కండ్లకు కాటుక పెట్టి, మెడలో పూలు వేసింది. నేను చూడలేక అడవిలోకి పోయి కూర్చున్నాను. చాలాసేపటికి ఖాలా కూడా వచ్చి నా పక్కనే బండ మీద కూర్చుంది. కండ్లు ఎర్రబడి ఉన్నాయి. వంగిన అవిశకొమ్మను తట్టి, “ఈడనే తింటాండె” అంది. వద్దనుకుంటే మానేయొచ్చు కదా ఖాలా అని నేను అడిగాను. ఆమె నా తెలివితక్కువతనానికి కోప్పడలేదు. “కొడుకు మాదిరి సాకిందే ఇయ్యాల బేటీ. ఇష్టం లేనిది ఇస్తే అది ఇచ్చినట్టు ఎట్ల అయితాది” అంది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం, ఏడ్చి తేలికపడ్డాం. ఇంటికి పోయేముందు నేను కొమ్మ వంచి, లేత మునగాకు ఒడినిండా కోసుకుని, తీసుకుపోయి జేజి చాటలో పోశాను. జేజి చేత్తో ఆకును కలియబెట్టి, “కమీషనర్ ఏమన్నా అనుకుంటాడేమో పాపా” అంది. ఆ పూట పప్పు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

ఇప్పుడు నేను పులివెందులలో ఒక బడిలో సైన్సు చెప్పుకుంటున్నాను. జేజి లేదు. ఖాలా, కువైట్ వదిలి వచ్చేసిన కొడుకు దగ్గరికి, కడపకు వెళ్ళిపోయింది. మొన్నామధ్య పెళ్ళికని ప్రొద్దుటూరు పోయినప్పుడు కాళ్ళు వాటంతటవే ఆ వీధికి తీసుకుపోయాయి. కంచె లేదు. మునగలు గోడలెక్కి చూస్తున్నాయి, సీతాఫలం కొమ్మకు ఎవరో ఉయ్యాల కట్టారు, ఖాలా వంచిన అవిశ వంగినట్టే ఉంది. నైటీ మీద టవలు వేసుకున్న ఒకామె దోటితో ఆకు దించుతోంది. కొత్తగా వచ్చినట్టుంది, నన్ను ఎరగదు. ఈ చెట్లు ఎవరివమ్మా అని అడిగాను. “ఎవురివీ కావక్కా, అందరివీ. ఎనకటికి ఈడ ఎవురో కాలేజీ పాప ఉండెనంట. పక్కింట్లో పొట్టేలు మేత తినక చిక్కిపోతాంటే, పాపం దానికోసరం ఇంత అడవి వేసిందంట. శానా మంచి మనసంట ఆ యమ్మిది” అంది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. భూగోళం, ఎండలు, పైన పెద్ద చెట్లు, కింద చిన్న చెట్లు, అన్నీ గొంతుదాకా వచ్చాయి. మళ్ళీ ఆలోచిస్తే ఆమె చెప్పిన కథే నాదానికంటే బాగుంది. “అట్లనా” అన్నాను.

ఆమె నాకు కూడా ఇంత ఆకు కోసి, “సంచి తెచ్చుకోలేదా అక్కా” అని అడిగింది. తెచ్చుకోలేదు. ఈమధ్య ఎప్పుడూ గుర్తుండదు. ఆమె ఇంట్లోకి పోయి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి, మునగాకు కూరి, ముడివేసి నా చేతిలో పెట్టింది. వీధి మలుపులో, భుజాన గుడ్డసంచితో, ఆ పిల్ల ఎక్కడ ఎదురొచ్చి నిలబెట్టి పాఠం చెబుతుందోనని, కవరును కొంగు కింద దాచుకుని బస్టాండు వైపు గబగబా నడిచాను.